బొండాం నీళ్ళు తాగుతూ ఊరుకున్నాను

చాలా ఏళ్ళుగా ఒక మాట నా గొంతులోనే ఉండిపోయింది. అబద్ధమాడి ఉంటే ఇంత బరువు ఉండేది కాదేమో. అబద్ధమైతే ఎప్పుడో ఒకప్పుడు వెళ్ళి, అది తప్పండీ అని వెనక్కి తీసుకోవచ్చు. ఆ రోజు నేను అబద్ధమాడలేదు. ఒక మనిషి నన్నొక ప్రశ్న అడిగాడు. జవాబు నాకు తెలుసు. చెప్పకుండా ఊరుకున్నాను. ఇంతేనా అని మీకు అనిపించవచ్చు. నాకూ మొదట్లో ఇంతేలే అనిపించింది. అలా అనిపించేలా నాకు నేనే నచ్చజెప్పుకున్నాను.

మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. తెలిసినవాళ్ళ దగ్గర నోరు పెగల్లేదు కాబట్టే మీ దగ్గరికి వచ్చాను. ఓదార్చమని కాదు. మధ్యలో లేచి వెళ్ళిపోకుండా వింటే చాలు.

నా కాపురం టెక్కలిలో. అక్కణ్ణించి రోజూ బస్సెక్కి ఒక ప్రైవేటు యూనివర్సిటీకి వెళ్ళి పాఠాలు చెబుతాను. పుట్టింది పలాసలో. మా అమ్మ జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్ళేది. ఆ జీడి రసానికి అమ్మ వేళ్ళు ఎప్పుడూ నల్లగానే ఉండేవి. పెళ్ళిళ్ళలో ఆ చేతులు కొంగు కింద దాచుకునేది. నేను లెక్చరర్‌నయ్యాక మాత్రం దాచుకోవడం మానేసింది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఈ ఉద్యోగం నాకెంత తీపో మీకు తెలియాలి. తీపి ఉన్నచోటే మనిషి జారతాడు.

మా యూనివర్సిటీలో ప్రతి టీచరుకూ కొందరు పిల్లల్ని అప్పగిస్తారు. మెంటర్ అంటారు. పిల్లల బాగోగులు చూసుకోవడం మెంటర్ పని అని పైకి చెబుతారు. లోపలి మాట వేరు. చేరిన పిల్ల మధ్యలో మానకూడదు. ఎవరి గుంపులోంచి పిల్లలు జారిపోతారో ఆ మెంటర్‌ను మీటింగులో నిలబెట్టి అడుగుతారు. తిట్టరు. తిడితే నయం. "మీ పిల్లలకు మీ మీద నమ్మకం లేదేమో చూసుకోండి" అని మెత్తగా అంటారు. ఆ మెత్తని మాటకు జడిసి మగ లెక్చరర్లు కూడా నీళ్ళు నమిలేవారు.

పిల్లలకు తృప్తి దేనివల్ల కలుగుతుంది, చివరిదాకా దేనివల్ల నిలుస్తారు అని మేం చేసిన చర్చలు వింటే మీరు నవ్వుతారు. హాస్టల్ సాంబారు పల్చబడిందని ఒకరు. వైఫై రాత్రి పదికే చచ్చిపోతోందని ఒకరు. ఇచ్ఛాపురం వైపు బస్సులో ఆడపిల్లలకు సీట్లు దొరకడం లేదని ఒకరు. అన్నీ నిజాలే. నేనూ నోటుపుస్తకం తెరిచి రాసుకునేదాన్ని, ఎందుకంటే నా పీహెచ్‌డీ కూడా సరిగ్గా దీనిమీదే. ప్రైవేటు యూనివర్సిటీల్లో విద్యార్థుల సంతృప్తి, నిలకడ, వాటి కారణాలు. అంత పెద్ద పేరు పెట్టుకుని పరిశోధన చేసిన దాన్ని, ఒక పిల్లను నిలబెట్టడానికి నేనేం చేశానో అందులో ఒక్క ముక్క రాయలేదు.

నా గుంపులోంచి ఎవరూ మానేవారు కాదు. అదీ నా గొప్ప. రహస్యమేమిటని తోటివాళ్ళు అడిగేవారు. రహస్యం ఏమీ లేదు, నేను ఇళ్ళకు వెళ్ళేదాన్ని. పిల్ల డీలాపడిందని తెలిస్తే ఆదివారం బస్సెక్కి ఆ ఊరు వెళ్ళి వాళ్ళ గడప తొక్కేదాన్ని. కాలేజీలో పిల్లలు "సెప్పు, సూడు" అంటే "చెప్పు, చూడు అనండి, ఇంటర్వ్యూలో నవ్వుతారు" అని దిద్దేదాన్ని. అదే నోటితో వాళ్ళ ఇళ్ళలో "ఏటి పిన్నీ, బాగున్నారేటి" అనేదాన్ని. లెక్చరరమ్మ మన మాట మాటాడతంది అని వాళ్ళ మొహాలు విప్పారేవి. అమ్మ నేర్పిన మాట అది. దాన్ని ఎరగా వాడుతున్నానని అప్పుడు అనుకోలేదు. ఇప్పుడు అనుకుంటున్నాను.

ఇక ఆ పిల్ల సంగతి.

అసలు పేరు రాయను. ఢిల్లేశ్వరి అనుకుందాం. మా వైపు ఏ ఊళ్ళో పిలిచినా ఒక ఢిల్లేశ్వరి పలుకుతుంది, కాబట్టి ఆ పిల్ల ఆ పేరు వెనక క్షేమంగా ఉంటుంది. వజ్రపుకొత్తూరు దగ్గర ఉద్దానం పల్లె. తండ్రి పేరు కూర్మారావు అనుకోండి. కాస్త జీడితోట, కాస్త కొబ్బరి. తుఫానుకు కొబ్బరి నేలమట్టమైతే మళ్ళీ మొక్కలు నాటి, కడవలతో నీళ్ళు మోసి పెంచాడట. ఆ మొక్కలు కాపుకొచ్చేసరికి ఆయన కిడ్నీలు పాడయ్యాయి. ఉద్దానంలో ఈ జబ్బు లేని వీధి ఉండదు, కనుక ఎవరూ దాన్ని వింతగా చెప్పుకోరు. వారంలో కొన్ని రోజులు పలాస వెళ్ళి డయాలసిస్ మిషను మీద పడుకుని రావాలి. తాగే నీళ్ళు కొలిచి తాగాలి. కొబ్బరినీళ్ళు అసలే పనికిరావు. కొబ్బరితోట రైతుకు కొబ్బరినీళ్ళు విషమైపోయాయి.

ఢిల్లేశ్వరి మా దగ్గర కంప్యూటర్ ఇంజనీరింగ్ మొదటి ఏడాది. నెమ్మదస్తురాలు. మార్కులు ఫరవాలేదు. ఒకరోజు క్లాసయ్యాక కాంటీన్ వెనక చప్టా మీద నా పక్కన కూర్చుని, ఎంతో సేపు చున్నీ అంచు మడతపెట్టి, ఆఖరికి చెప్పింది. ఇంజనీరింగ్ మానేస్తుందట. డయాలసిస్ టెక్నీషియన్ కోర్సులో చేరుతుందట. సర్కారు కాలేజీలో సీటొచ్చింది. నాన్నతో ఆస్పత్రికి తోడు వెళ్ళి వెళ్ళి, ఆ మిషను దగ్గర నర్సులు చేసే పని చూసి చూసి, ఇది నా పని అనిపించిందట.

ఆ పిల్ల చెప్పిన ఒక సంగతి నా మనసులో ఉండిపోయింది. డయాలసిస్ వాళ్ళకు ఎడమ చేతి రక్తనాళానికి ఆపరేషన్ చేస్తారు. సూదులు అక్కడే గుచ్చుతారు. దాని మీద అరచెయ్యి ఆనిస్తే లోపల రక్తం గుర్రుమని పరిగెత్తడం తెలుస్తుంది. ఆ గుర్రు ఆగితే ఆ నాళం పోయినట్టే, మళ్ళీ ఆపరేషన్. అందుకని పొద్దున లేవగానే తండ్రి చేతిమీద తన అరచెయ్యి ఆనించి చూసేదట. ఉంది నాన్నా అనేదట. ఆయన కాఫీ గుటక వేసేవాడట. వాళ్ళిద్దరికీ తెల్లవారడమంటే అది.

ఇంట్లో చెప్పావా అన్నాను. నాన్న సగం ఒప్పుకున్నాడు మేడమ్, అమ్మే గొణుగుతోంది, మీరొచ్చి ఒక్కసారి చెబితే నాన్న పూర్తిగా ఒప్పుకుంటాడు, మీరంటే నాన్నకు గురి అంది.

ఆగి చూడండి. ఆ పిల్ల నన్ను తన తరఫున మాట్లాడమని పిలిచింది. వస్తానన్నాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా దగ్గర ఏడాది చివరి లెక్కలు తేలుతున్నాయి. ఆ ఏడు కూడా నా గుంపు చెక్కుచెదరలేదని అందరికీ చెప్పాలని మా విభాగం పెద్ద సార్ అనుకుంటున్నారు. నా ఉద్యోగానికి ముప్పు ఉందా? లేదు. ఒక పిల్ల పోయినంత మాత్రాన నన్నెవరూ తీసెయ్యరు. పొట్టకూటి కోసం చేశానని చెప్పుకోగలిగితే ఎంత బాగుండేది! నేను మెప్పు కోసం చేశాను. సభలో నా పేరు పిలిచి, ఈవిడ గుంపులోంచి ఒక్కరూ కదల్లేదు అనే ఆ ఒక్క వాక్యం కోసం. రాయడానికి సిగ్గుగా ఉంది. రాస్తున్నాను.

ఆదివారం పొద్దున వెళ్ళాను. కూర్మారావు గారు వాకిట్లో నులకమంచం మీద కూర్చుని ఉన్నారు. మొహం కాస్త ఉబ్బి ఉంది, నవ్వు మాత్రం బాగుంది. నేను మావయ్యా అని పిలిచాను. ఆయన పొంగిపోయి లేవబోయి, లేవలేక, భార్య దమయంతమ్మను కేకేసి బొండాం దింపించమన్నారు. ఎవరో పక్కింటతను చెట్టెక్కి దింపాడు. బొండాం చెక్కి, స్ట్రా వేసి నా చేతికిచ్చారు. ఢిల్లేశ్వరి నావైపు చూసి కళ్ళతోనే నవ్వి, టీ పెడతానని లోపలికి వెళ్ళింది. తల్లి కూడా వెనకే వెళ్ళింది. ఆయనకు తెలుసు నేనెందుకొచ్చానో. తెలుసనుకున్నాను.

మంచం మీద కాస్త ముందుకు జరిగి, గొంతు తగ్గించి అడిగారు.

"మేడమ్‌గారూ, నాను సదువుకోలేదు. ఒక మాట అడుగుతాను, దాయకండి. ఇంజినీరు సదువు ఒగ్గేసి ఎలిపోతానంటంది గుంట. ఎనకాల ఎవుడైనా గుంటడున్నాడేటి?"

నా నోట్లో స్ట్రా ఉంది. తీసి "లేడు" అనాలి. రెండు అక్షరాలు. ఆ పిల్లకు తండ్రి చెయ్యి తప్ప వేరే ధ్యాస లేదని నాకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. నేను తియ్యలేదు. నీళ్ళు పీల్చాను. కూర్మారావు గారు నా మొహం చూస్తూనే ఉన్నారు. మళ్ళీ పీల్చాను. బొండాం అడుగంటి గరగరమంది.

"సెప్పండమ్మా. మీరు మనోలు. మీకు తెలకుండా ఉండదు."

అప్పుడు తీశాను స్ట్రా. తీసి ఏమన్నానో వినండి.

"ఇప్పుడదంతా ఎందుకు మావయ్యా. దాని సదువు మాననియ్యకండి, సాలు."

ఆయన తల దించుకున్నారు. కాసేపు తన చేతిమీద కట్టు సవరించుకున్నారు. "అర్దమైనాది" అన్నారు. అంత మెల్లగా అన్నారు, పక్కనున్న నాకే వినిపించీ వినిపించనట్టు.

మౌనం అర్ధాంగీకారం అంటారు. నా మౌనం అర్ధం కాదు, పూర్తి అంగీకారమే. దానిమీద ఆ మాట ఒకటి మూతలా పెట్టాను. అది అబద్ధం కాదని ఏళ్ళ తరబడి నాతో నేను వాదించుకున్నాను. చూడండి, నేను అబ్బాయి ఉన్నాడని అనలేదు కదా! సదువు మాననియ్యకండి అన్నాను, అంతే కదా! లాయరుకైతే ఈ వాదన పనికొస్తుందేమో. ఆ మంచం మీది మనిషి ముందు పనికిరాదు.

అలా ముందే అనుకుని వెళ్ళానా? ఈ ప్రశ్న నన్ను నేను చాలాసార్లు అడిగాను. లేదు, అనుకోలేదు. ఇంజనీరింగ్ మంచిదని, ఉద్యోగాలొస్తాయని, ఓ గంట మాట్లాడి ఒప్పించాలని వెళ్ళాను. ఆయన ఆ ప్రశ్న అడిగిన క్షణంలో, ఆ గంట అక్కర్లేదని నాకు తెలిసిపోయింది. దారి దానంతటదే తెరుచుకుంది. ఊరుకుంటే చాలు. అంత సులువుగా దొరికింది కాబట్టే తప్పు అనిపించలేదేమో.

ఢిల్లేశ్వరి టీ గ్లాసులు పట్టుకుని వచ్చింది. ఆయన దాన్ని దగ్గరికి పిలిచారు. ఎడమ చెయ్యి చాచారు. పొద్దున్నే చూశాను కదా నాన్నా అంటూనే అది అలవాటుగా అరచెయ్యి ఆనించింది.

"అలాగే ఉంచు" అన్నారాయన. "సదువు పూర్తయ్యేదాకా ఆ కాలేజీ ఒగ్గనని నా సేతి మీద ఒట్టెయ్యి."

పిల్ల బిత్తరపోయి నావైపు చూసింది. మేడమ్, మీరు చెప్పలేదా అన్నట్టు. నేను గ్లాసు అందుకునే నెపంతో కళ్ళు దించాను. మా వైపు ఒట్టు సంగతి మీకు తెలిసే ఉంటుంది. చిన్నపిల్లలు మాటమాటకూ ఒట్టు వేసి, ఒట్టు తీసి గట్టు మీద పెట్టు అని తీసేసుకుంటారు. పెద్దవాళ్ళ ఒట్టు అలా గట్టెక్కదు. ఎవరిమీద వేశామో వాళ్ళే తియ్యాలి. మాట తప్పితే ఆ మనిషికి కీడు. మామూలుగా నెత్తిమీద చెయ్యి పెట్టించుకుంటారు. ఆయన ఆ చేతిమీద వేయించుకున్నారు, ఆ గుర్రు మీద. ఆగిపోతుందేమోనని ప్రతి ఉదయం భయపడే పిల్ల, దానిమీద ఒట్టు వేసి ఎలా తప్పుతుంది?

"ఒట్టు నాన్నా" అంది. టీ నేను పూర్తిగా తాగాను.

సోమవారం నుంచి పిల్ల మామూలుగా క్లాసుకు వచ్చింది. సర్కారు సీటు గడువు దాటిపోయింది. ఏడాది చివరి సభలో నా పేరు పిలిచారు. ఇంటికి వెళ్ళి తల్లిదండ్రుల్ని కలవడమనే నా పద్ధతి అందరూ పాటించాలన్నారు. చప్పట్లు కొట్టారు. నాకు బాగుంది. ఈ మాట దాచను, చాలా బాగుంది. ఇంటికెళ్ళి అమ్మకు చెప్పుకున్నాను కూడా.

ఆ ఇంట్లో ఆ తర్వాత ఏం జరిగిందో నాకు ముక్కలుగా తెలిసింది. ఢిల్లేశ్వరే చెప్పింది. ముందు ఫోను పోయింది. దాని టచ్ ఫోను తీసుకుని నొక్కుడు బటన్ల ఫోను ఇచ్చారు. తర్వాత పలాస తోడు రావద్దన్నారు. ఆస్పత్రికి వెళ్ళే వంకతో ఎవణ్ణో కలుస్తోందేమోనని వాళ్ళ అనుమానం. పిల్లకు ఆ సంగతి తెలియదు. ఇక తండ్రి ఆ పిల్లతో మాట్లాడటం తగ్గించారు. అరవడం లేదు, కొట్టడం లేదు. పొద్దున చెయ్యి చాచడం మానేశారు. నేనే సూసుకుంటానులే అన్నారట. ఆ మాట చెబుతున్నప్పుడు పిల్లకు ఏడుపొచ్చింది. కాలేజీ మానేస్తానని అన్నందుకే నాన్నకు ఇంత కోపం వచ్చిందని అది నమ్మింది.

ఎవరి దగ్గర ఏడ్చిందో తెలుసా? నా దగ్గరే. అదే చప్టా మీద. నేను భుజం తట్టాను. ఏ తండ్రికైనా భయం ఉంటుందమ్మా, కొన్నాళ్ళకు సర్దుకుంటారు అన్నాను. నా కంఠం ఎంత నిలకడగా ఉందో నాకిప్పటికీ జ్ఞాపకం. అప్పుడైనా ఒక ఫోను చేసి "మావయ్యా, మీరనుకున్నది కాదు" అని ఉంటే ఇద్దరూ మళ్ళీ కలిసేవారు. ఎన్నోసార్లు నంబరు తీశాను. చెబితే ఆ రోజు ఎందుకు చెప్పలేదని అడుగుతారు. ఆ ఒక్క ప్రశ్నకు జడిసి ఆపేశాను. రోజులు గడిచేకొద్దీ ఆ ప్రశ్న పెద్దదైంది.

పిల్ల మూడో ఏడాదిలో ఉండగా కూర్మారావు గారు పోయారు. పలాసలో మిషను మీద ఉండగానే ఒంట్లో బాగోలేదన్నారట, సాయంత్రానికి అయిపోయింది. దగ్గర దమయంతమ్మ ఉంది. ఢిల్లేశ్వరి అప్పటికి హాస్టల్లో చేరింది, అక్కడే ఉంది. కబురందాక నేనే అద్దె కార్లో ఎక్కించుకుని తీసుకెళ్ళాను. దారిపొడుగునా నా చెయ్యి పట్టుకునే ఉంది.

కర్మకాండలయ్యాక వచ్చి అడిగింది. ఒట్టు వేయించుకున్న మనిషి పోతే ఆ ఒట్టు ఎవరు తియ్యాలి మేడమ్ అని. అది ఊరికే అడిగింది కాదు. ఆ కోర్సు మళ్ళీ అడిగి చూడాలని దాని మనసులో ఉంది. నాకు అర్థమైంది. ఆ ఒట్టుకు మూలం నేను కాబట్టి ఒకరకంగా తీసే హక్కు నాకే ఉంది. పరీక్షలయ్యాక ఆలోచిద్దామమ్మా అన్నాను. పరీక్షలయ్యాక అది అడగలేదు. నేను గుర్తు చెయ్యలేదు.

చదువు పూర్తిచేసింది. వెళ్ళేముందు పిల్లలందరి అభిప్రాయాలూ అడుగుతారు, మా యూనివర్సిటీ మీద మీకు తృప్తేనా అని. అన్నింటికీ తృప్తే అని పెట్టింది. అధ్యాపకుల గురించి రాయమన్న చోట నా పేరు రాసింది. విశాఖపట్నంలో ఉద్యోగం వచ్చింది. కంప్యూటర్ ముందు కూర్చుని ఎక్కడివాళ్ళవో ఫిర్యాదులు విని జవాబులిచ్చే పని. ఇల్లు తనే నడుపుతోంది. పండక్కి చీర పంపుతుంది. వాళ్ళమ్మక్కాదు, నాకు.

మరి ఇంజనీరింగ్ వల్ల బాగుపడింది కదా అని మీరు అనవచ్చు. నేనూ ఆ కొమ్మ పట్టుకునే ఇన్నాళ్ళు వేలాడాను. ఆ టెక్నీషియన్ కోర్సు చేస్తే ఇంతకంటే సుఖపడేదని నేను చెప్పలేను. ఎవరికి తెలుసు? పోయింది అది కాదు. తండ్రికీ కూతురికీ మిగిలిన రోజులు పోయాయి. తన బిడ్డ తన దగ్గర ఏదో దాస్తోందన్న నమ్మకంతో ఆయన పోయారు. నాన్నకు తనమీద ఎందుకు మనసు విరిగిందో తెలియక ఆ పిల్ల బతుకుతోంది. ఇద్దరి మధ్యా ఏమీ లేదు. నేను తప్ప.

పీహెచ్‌డీ పూర్తయింది. పేరు ముందు డాక్టరు చేరింది. ఇప్పుడు కొత్త లెక్చరర్లకు శిక్షణ ఇచ్చేది నేనే. ఇళ్ళకు వెళ్ళమనే చెబుతాను. వెళ్ళడం తప్పు కాదు. పోయిన నెల ఒక కొత్తమ్మాయి ఉత్సాహంగా చెప్పింది. మేడమ్, ఆ పిల్లాడిచేత వాళ్ళమ్మ మీద గట్టిగా ఒట్టు వేయించాను, ఇక కదలడు అని. నవ్వుతూ చెప్పింది. నాకు ఆ గదిలో కూర్చోబుద్ధి కాలేదు. ఇక మీదట ఎవరిచేతా ఒట్లు వేయించవద్దని గట్టిగా అన్నాను. ఎందుకు మేడమ్ అంది. తర్వాతి పేజీ తియ్యమన్నాను.

ఆ తర్వాత నాలుగు రోజులకే ఢిల్లేశ్వరి ఫోన్ చేసింది. వచ్చే ఆదివారం నాన్న ఆబ్దికం, మీరు తప్పకుండా రావాలి, నాన్న మిమ్మల్ని ఎప్పుడూ తలుచుకునేవాడట, అమ్మ చెప్పింది అంది. వస్తానన్నాను. పెట్టెయ్యబోతుంటే ఆగి, మెల్లగా, ఇంట్లో మాట్లాడుకునే మాటలోకి జారిపోయి అడిగింది.

"మేడమ్, నాన్న నాతో ఎందుకు సరిగ్గా మాటాడ్డం మానేసేడో, మీకేటైనా సెప్పేడా?"

ఏమీ చెప్పలేదమ్మా అన్నాను. చూశారా. అలవాటైన నోరు. ఇన్నేళ్ళూ మౌనంతో నెట్టుకొచ్చిన దాన్ని, ఆ రోజు మొదటిసారి నోరు తెరిచి అబద్ధం చెప్పాను. సరే మేడమ్ అని పెట్టేసింది. అందుకే ఇది రాస్తున్నాను.

ఆదివారం వెళ్తాను. దానికి చెబుతాను. దమయంతమ్మకు కూడా చెబుతాను. చెప్పాక ఆ పిల్ల నన్ను గడప దిగమంటుందో, చీర ఇచ్చిన చేతితోనే కొడుతుందో, ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోతుందో నాకు తెలియదు. ఏమీ అనకపోవడమే జరుగుతుందని భయం. ఊరుకోవడం ఎదుటి మనిషిని ఏం చేస్తుందో నాకు తెలుసు. క్షమించమని అడగను. అడిగితే ఆ బరువు కూడా దాని నెత్తినే పెట్టినట్టవుతుంది. వెళ్ళాక నోరు పెగలకపోతే ఈ కాగితాలు దాని చేతికిస్తాను, కానీ నోటితోనే చెప్పాలని ఉంది.

ఇంతవరకు రాసేసరికి గొంతు కాస్త తెరుచుకున్నట్టుంది. నా పాపం పోయిందని కాదు. పోదు. ఎవరికీ చెప్పనిది ఒకరికి చెప్పాను, అంతే. మీరు విన్నారు. ఆ వాకిట్లో, ఆ మంచం పక్కన, నేను మొదట ఆయనకే జవాబు చెప్పాలి. అడిగింది ఆయన కాబట్టి. ఎలా చెప్పాలో ఇక్కడ ఒకసారి రాసి చూసుకుంటాను.

లేడు మావయ్యా. ఎనకాల ఏ గుంటడూ లేడు. నీ సెయ్యి సూసి సూసి, ఆ పని నేర్సుకుందారనుకుంది గుంట.